హైడ్రాలిక్ క్లచ్‌లో గాలి చేరిందా? ఇంటి దగ్గరే తీసే పద్ధతి, తప్పనిసరి జాగ్రత్తలు

భూపాలపల్లి: క్లచ్ పెడల్ ఉన్నట్టుండి మెత్తబడుతుంది. రివర్స్ గేర్ వేస్తే కర్రుమని శబ్దం వస్తుంది. మొదటి గేర్ అసలు పడనంటుంది. ఇలా జరిగితే చాలామంది ‘క్లచ్ ప్లేట్ పోయింది’ అనే అనుకుంటారు. నిజంగా ప్లేట్ పోతే గేర్‌బాక్స్ దింపాలి, వేల రూపాయల ఖర్చు. కానీ చాలాసార్లు కారణం అంత పెద్దది కాదు. క్లచ్ పైపులో కొంచెం గాలి చేరి ఉంటుంది. ఆ గాలి తీసేస్తే పెడల్ మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. ఈ పనినే షెడ్డుల్లో ‘ఎయిర్ తీయడం’, ‘బ్లీడింగ్’ అంటారు.

ఒక పానా, ఒక ప్లాస్టిక్ పైపు, ఒక బ్రేక్ ఆయిల్ సీసా, సాయానికి ఇంకో మనిషి ఉంటే ఇంటి ముందే చేసుకోగలిగే పని ఇది. అయితే అజాగ్రత్తగా చేస్తే క్లచ్‌తో పాటు బ్రేకులు కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే పద్ధతి ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగి మెకానిక్ దగ్గరికి వెళ్లాలో తెలియడం కూడా అంతే ముఖ్యం.

ఈ జిల్లాకు ఈ విషయం ఎందుకు?

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లా అయిన జయశంకర్ భూపాలపల్లిలో రోడ్డు మీద ఎక్కువగా కనిపించేవి సింగరేణి బొగ్గు లారీలు, చెల్పూరు థర్మల్ పవర్ ప్లాంట్ వైపు వెళ్లే బండ్లు, కాళేశ్వరం పోయే కిరాయి కార్లు. ఇక్కడ కారు చాలా ఇళ్లలో షోకు కాదు, బతుకుదెరువు. బొలేరోనో ఇన్నోవానో కిరాయికి తిప్పుకునే కుటుంబానికి బండి ఒక రోజు ఆగిందంటే ఆ రోజు సంపాదన ఆగినట్టే. పెద్ద సర్వీస్ సెంటర్ కావాలంటే పరకాల మీదుగా హన్మకొండ, వరంగల్ వైపు పోవాలి. క్లచ్ పనిచేయని బండిని అంత దూరం నడపలేరు, తోయించుకుపోవడానికి మళ్లీ ఖర్చు.

ఇక్కడి వాతావరణం కూడా క్లచ్ ఆయిల్‌కు అనుకూలం కాదు. ఎండాకాలం 45 డిగ్రీల దాకా పోయే ఎండ, వానాకాలం గోదావరి తీరపు తేమ, వీటికి తోడు బొగ్గు దుమ్ము. క్లచ్‌లో వాడే ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. అందుకే ‘నడుస్తుంది కదా’ అని ఏళ్ల తరబడి ఆయిల్ మార్చకుండా ఉంటే మెల్లగా లోపల తుప్పు, రబ్బర్ల అరుగుదల మొదలవుతాయి.

కేబుల్ క్లచ్, హైడ్రాలిక్ క్లచ్: తేడా

మారుతి 800, ఆల్టో, వ్యాగన్ ఆర్ లాంటి చిన్న కార్లలో పెడల్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉక్కు తీగ ఉంటుంది. అది కేబుల్ క్లచ్. దాంట్లో ఆయిలూ లేదు, గాలి తీసే పనీ లేదు. కేబుల్ సాగితే బిగించుకోవాలి, తెగితే మార్చాలి.

మహీంద్రా బొలేరో, స్కార్పియో, టాటా సుమో, టయోటా ఇన్నోవా, హ్యుందాయ్ క్రెటా లాంటి బండ్లలో తీగకు బదులు ఆయిల్ పనిచేస్తుంది. విదేశాల్లో కుర్రకారు మోజుపడే స్పోర్ట్స్ కార్లు, ఉదాహరణకు 1989లో వచ్చిన మజ్డా ఎంఎక్స్-5 కూడా ఇదే పద్ధతి. బండి ఖరీదు మారుతుంది గానీ లోపలి సూత్రం ఒక్కటే. బొలేరో క్లచ్ గాలి తీయడం తెలిసినవాళ్లకు స్పోర్ట్స్ కారు క్లచ్ కొత్త విద్య ఏమీ కాదు.

పని ఎలా జరుగుతుందంటే: పెడల్ తొక్కగానే ఒక రాడ్డు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. పిస్టన్ ఆయిల్‌ను సన్న పైపులోకి తోస్తుంది. ఆ ఆయిల్ గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ను ముందుకు జరుపుతుంది. అది క్లచ్ ఫోర్క్‌ను, ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ను నెడితే క్లచ్ ప్లేట్ మీది పట్టు వదులుతుంది. అప్పుడే గేర్ సాఫీగా పడుతుంది.

కొంచెం గాలికే ఇంత తేడా ఎందుకు?

ఆయిల్‌ను ఎంత నొక్కినా కుంచించుకుపోదు. గాలి కుంచించుకుపోతుంది. మొత్తం కథ ఇంతే. దీన్ని లెక్కలో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 16 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 30 మి.మీ. అనుకుంటే, ఒక్కసారి పూర్తిగా తొక్కితే సుమారు 6 మిల్లీలీటర్ల ఆయిల్ కదులుతుంది. స్లేవ్ సిలిండర్ వ్యాసం 20 మి.మీ. అయితే ఆ 6 మిల్లీలీటర్లు దాని పిస్టన్‌ను దాదాపు 19 మి.మీ. జరుపుతాయి. ఇప్పుడు పైపులో 2 మిల్లీలీటర్ల గాలి ఉందనుకోండి. అంటే ఒక చిన్న టీ చెంచాలో సగం కూడా కాదు. మనం తొక్కిన బలంలో మొదటి 2 మిల్లీలీటర్లు ఆ గాలిని కుదించడానికే పోతాయి. మిగిలిన 4 మిల్లీలీటర్లకు పిస్టన్ 13 మి.మీ. లోపే కదులుతుంది. మూడో వంతు కదలిక మాయం. క్లచ్ సగమే వదులుతుంది, గేర్ కర్రుమంటుంది.

గాలా, ప్లేటా, లీకా? ముందు గుర్తుపట్టాలి

పానా పట్టే ముందు అయిదు నిమిషాలు పరీక్షకు కేటాయించాలి.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గట్టిపడి గేర్ పడుతోందంటే లోపల గాలి ఉన్నట్టే. ఇది బ్లీడింగ్‌తో బాగయ్యే లక్షణం.

పెడల్ తొక్కి అలాగే పట్టుకుంటే మెల్లమెల్లగా నేలకు దిగిపోతోందా? అయితే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అరిగి ఆయిల్ పక్కకు జారుతోందని అనుమానించాలి. గాలి తీసినా రెండు రోజులకే మళ్లీ మొదటికొస్తుంది.

డ్రైవర్ కాళ్ల దగ్గర, పెడల్ రాడ్డు చుట్టూ తడి కనిపిస్తే మాస్టర్ సిలిండర్ లీకు. గేర్‌బాక్స్ పక్కన స్లేవ్ సిలిండర్ రబ్బరు టోపీ కింద తడి ఉంటే స్లేవ్ లీకు.

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రొద పెరుగుతోంది గానీ బండి లాగడం లేదు, మాడిన వాసన వస్తోంది అంటే క్లచ్ ప్లేట్ జారుతోంది. దీనికి గాలి తీయడం మందు కాదు.

ఇంకో మాట గుర్తుంచుకోవాలి. బాగున్న వ్యవస్థలోకి గాలి ఊరికే రాదు. ఆయిల్ లెవెల్ పడిపోయి ఉండాలి, ఎక్కడో లీకు ఉండాలి, పాత ఆయిల్‌లోని నీరు వేడికి ఆవిరై ఉండాలి, లేదంటే ఈ మధ్య ఏదైనా పైపు విప్పి ఉండాలి. కారణం వెతక్కుండా గాలి మాత్రమే తీస్తే జ్వరానికి మందేసి గాయాన్ని వదిలేసినట్టే.

ఏ ఆయిల్ పోయాలి?

క్లచ్‌లో పోసేది బ్రేక్ ఆయిలే. ఆయిల్ డబ్బా మూత మీదే డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. మూత మీద ఏముంటే అదే పోయాలి.

ఈ అంకెలు ఆయిల్ ఎంత వేడిని తట్టుకుంటుందో చెబుతాయి. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. డాట్ 4 అయితే 230 డిగ్రీలు. కానీ తేమ పీల్చుకున్న తర్వాత లెక్క మారిపోతుంది. పరీక్ష ప్రమాణం ప్రకారం సుమారు 3.7 శాతం నీరు చేరితే డాట్ 3కు కనీస హద్దు 140 డిగ్రీలు, డాట్ 4కు 155 డిగ్రీలు మాత్రమే. నీళ్లు చేరిన పాత ఆయిల్ అంత తొందరగా మరిగి బుడగలు కడుతుందన్నమాట. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే. మీ బండి పుస్తకంలో రాసిన గడువు పాటించండి.

డాట్ 5 అని సిలికాన్‌తో చేసిన ఆయిల్ వేరే ఉంది. పేరు చూసి ‘4 కన్నా 5 మంచిదేమో’ అనుకోవద్దు. అది డాట్ 3, డాట్ 4లతో కలవదు. డాట్ 5.1 మాత్రం మళ్లీ డాట్ 4 జాతిదే.

ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, గేర్ ఆయిల్ ఒక్క చుక్క కూడా పోయకూడదు. బ్రేక్ ఆయిల్‌కు సరిపడేలా చేసిన రబ్బర్లు ఈ ఆయిల్‌లు తగిలితే ఉబ్బి పాడైపోతాయి. బ్రేకుకూ క్లచ్‌కూ ఒకే డబ్బా ఉన్న బండిలో అయితే బ్రేకుల రబ్బర్లన్నీ పోతాయి. ‘అర్జెంటుగా ఇంట్లో ఉన్న ఆయిల్ పోసేద్దాం’ అనే ఆలోచన ప్రాణం మీదికి తెస్తుంది.

ఎప్పుడో మూత తీసిన పాత సీసా వాడొద్దు. సీలు ఉన్న కొత్త అర లీటరు సీసా కొనండి. కొన్ని వందల రూపాయలతో అయిపోతుంది.

కావాల్సిన సామాను

నిప్పిల్‌కు సరిపోయే రింగు పానా. చాలా బండ్లకు 8, 10 లేదా 11 మి.మీ. సైజు పడుతుంది. ఎండు పానాతో తిప్పితే నిప్పిల్ మూలలు అరిగిపోతాయి, రింగు పానానే వాడాలి. నిప్పిల్ మీద బిగుతుగా కూర్చునే, లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు ఒక మీటరు. ఒక చిన్న సీసా. సూది లేని పెద్ద సిరంజి. ఇనుప బ్రష్. పాత బట్టలు. ఒక బకెట్ నీళ్లు. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. బండి లేపాల్సి వస్తే జాకీతో పాటు గట్టి జాకీ స్టాండ్లు.

పనికి ముందు భద్రత

బండిని చదునైన గచ్చు మీద ఆపండి. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లో చెక్క ముక్కలో పెట్టండి. ‘గేర్‌లో ఉంది కదా, కదలదు’ అని నమ్మవద్దు. ఈ పనిలో పదే పదే క్లచ్ తొక్కుతాం. తొక్కిన ప్రతిసారీ గేర్ పట్టు వదిలిపోతుంది. అప్పుడు బండిని ఆపేది హ్యాండ్ బ్రేకు, చక్రాల కింది చెక్కలు మాత్రమే.

కింద దూరాల్సి వస్తే ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి తల పెట్టకండి. ఇటుకలు, బండరాళ్లు స్టాండ్లు కావు. బరువు పడితే ఇటుక చెప్పకుండా పగులుతుంది. స్టాండ్లు లేకపోతే ఆ పని షెడ్డుకే వదిలేయడం మంచిది. చిన్నపిల్లలు ఆ చుట్టుపక్కల లేకుండా చూసుకోవాలి.

ఇద్దరితో చేసే పద్ధతి

ఒకరు సీట్లో, ఒకరు నిప్పిల్ దగ్గర. ఇద్దరి మధ్య మాట కలవడమే ఇక్కడ అసలు పని. తండ్రి కింద ఉండి కొడుకు పెడల్ మీద ఉంటే, ‘తొక్కు బేటా’ అని తండ్రి అనాలి. ‘తొక్కిన అబ్బా’ అని కొడుకు జవాబియ్యాలి. ‘వదులు’ అనే మాట వినేదాకా కాలు తీయకూడదు.

1. ఆయిల్ డబ్బా చుట్టూ దుమ్ము తుడవండి. భూపాలపల్లి బండ్ల మీద బొగ్గు పొడి సన్నగా పేరుకుని ఉంటుంది. తుడవకుండా మూత తీస్తే ఆ పొడి లోపలికి పోయి రబ్బర్లను గీస్తుంది.

2. మూత తీసి, పాత ఆయిల్‌ను సిరంజితో కొంత లాగేయండి. డబ్బా పూర్తిగా ఖాళీ చేయవద్దు. కొత్త ఆయిల్‌తో మ్యాక్స్ గీత దాకా నింపండి.

3. స్లేవ్ సిలిండర్ మీద నిప్పిల్ వెతకండి. రబ్బరు టోపీ తీసి బ్రష్‌తో శుభ్రం చేయండి. తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగండి. బలవంతంగా తిప్పితే నిప్పిల్ విరుగుతుంది. అప్పుడు చిన్న పని పెద్దదవుతుంది.

4. ముందు రింగు పానాను నిప్పిల్ మీద పెట్టి, తర్వాత పైపు తొడగండి. పైపు ముందు పైకి లేచి తర్వాత సీసాలోకి దిగేలా ఉంచండి. బుడగలు పైకి పోతాయి, వెనక్కి రావు. సీసాలో కొంచెం కొత్త ఆయిల్ పోసి పైపు కొస దాంట్లో మునిగేలా పెట్టండి.

5. సీట్లో ఉన్నవారు పెడల్‌ను మెల్లగా చివరిదాకా తొక్కి పట్టుకోవాలి. గబగబా తొక్కితే పెద్ద బుడగ చిన్న బుడగలుగా చెదిరిపోయి బయటికి రావడానికి ఇంకా ఆలస్యమవుతుంది.

6. కింద ఉన్నవారు నిప్పిల్‌ను పావు చుట్టు నుంచి అర చుట్టు మాత్రమే విప్పాలి. పాత ఆయిల్, బుడగలు పైపులోకి వస్తాయి.

7. ధార ఆగగానే, పెడల్ కిందే ఉండగానే నిప్పిల్ మూసేయాలి. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు. నిప్పిల్ తెరిచి ఉండగా పెడల్ లేస్తే బయటి గాలిని మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. అప్పటిదాకా చేసిందంతా వృథా.

8. నిప్పిల్ మూసిన తర్వాతే ‘వదులు’ అనాలి. పెడల్ దానంతట అది లేవకపోతే చేత్తో లేపండి. గాలి ఉన్నప్పుడు అలా కిందే ఉండిపోవడం మామూలే. రెండు మూడు సెకన్లు ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

9. ప్రతి అయిదారు సార్లకు ఒకసారి ఆయిల్ డబ్బా చూసి నింపండి. డబ్బాలో ఆయిల్ అడుగంటితే పై నుంచి కొత్త గాలి దిగుతుంది.

10. పైపులో బుడగలు ఆగి, వచ్చే ఆయిల్ కొత్త ఆయిల్ రంగులో తేటగా కనిపించేదాకా చేయాలి. ఆ తర్వాత కూడా ఇంకో రెండు మూడు సార్లు చేస్తే నమ్మకం.

11. నిప్పిల్ బిగించేటప్పుడు మణికట్టు బలం చాలు. అది లోపల బోలుగా ఉండే చిన్న బోల్టు. ఒంటి బలమంతా పెడితే తెగుతుంది. రబ్బరు టోపీ మళ్లీ పెట్టండి. డబ్బాలో మ్యాక్స్ గీత దాకానే ఆయిల్ ఉంచి మూత బిగించండి.

ఒక్కరే ఉంటే?

సాయానికి ఎవరూ లేకపోతే మూడు దారులున్నాయి. మొదటిది, ఒకవైపే ఆయిల్ పోనిచ్చే వాల్వు ఉన్న పైపు. ఇది గాలిని వెనక్కి రానీయదు. రెండోది, డబ్బా నింపి నిప్పిల్ కొంచెం తెరిచి ఆయిల్ దాని బరువుతో దిగనివ్వడం. నిదానంగా సాగుతుంది, డబ్బా మీద కన్నేసి ఉంచాలి. మూడోది, కింది నుంచి పైకి పంపడం. కొత్త ఆయిల్ నింపిన శుభ్రమైన సిరంజితో నిప్పిల్ నుంచి మెల్లగా పైకి నెడతారు. గాలి సహజంగా పైకే పోతుంది కాబట్టి మొండి బుడగలకు ఇది బాగా పనిచేస్తుంది. అయితే డబ్బా పొంగిపొర్లకుండా ముందే కొంత ఖాళీ చేయాలి. కింద పేరుకున్న మురికి పైకి వచ్చే అవకాశమూ ఉంది. అందుకే ముందు మామూలు పద్ధతిలో పాత ఆయిల్ తీసేసి, ఆ తర్వాతే ఇది చేయాలి.

స్లేవ్ సిలిండర్ విప్పి బయట ఉన్నప్పుడు మాత్రం ఎవరూ పెడల్ తొక్కకూడదు. అడ్డు లేక పిస్టన్ బయటికి దూకుతుంది.

స్పోర్ట్స్ కార్లలో చిక్కు ఎక్కడ?

స్పోర్ట్స్ కార్లలో ఇంజిన్ గదిలో ఖాళీ తక్కువ, పొగ గొట్టం వేడి ఎక్కువ, క్లచ్ వాడకమూ ఎక్కువ. ఆయిల్ తొందరగా నల్లబడుతుంది. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో ఇలాంటి కార్లు సొంతంగా చూసుకునేవాళ్లు, అక్కడ షెడ్డు కూలీ చాలా ఎక్కువ కాబట్టి ఈ పని నేర్చుకోక తప్పదు.

మజ్డా ఎంఎక్స్-5లో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ బయటే బిగించి ఉంటుంది. చేయి అందుతుంది, పని తేలిక. నిస్సాన్ 370జెడ్ లాంటి వాటిలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ షాఫ్ట్ చుట్టూ గుండ్రంగా, క్లచ్ గది లోపలే ఉంటుంది. గాలి తీసే చోటు బయటికి ఉంటుంది గానీ, సిలిండర్ లీకైతే గేర్‌బాక్స్ దింపాల్సిందే. మన దేశంలో తిరిగే చాలా కొత్త కార్లలోనూ ఇప్పుడు ఇదే తరహా అమరిక వస్తోంది. ఇలాంటి వాటిలో పెడల్‌ను ఇంకా నిదానంగా తొక్కాలి. ఖాళీ సిలిండర్‌ను గబగబా పంపు కొడితే లోపలి సీలు దెబ్బతింటుంది.

షెవ్రోలె కార్వెట్ అయిదో, ఆరో తరం కార్లలో నిప్పిల్ చేతికి అందడం చాలా కష్టం. అందుకని యజమానులు డబ్బాలోని నల్ల ఆయిల్ సిరంజితో తీసి, కొత్తది పోసి, పెడల్ తొక్కి కలిపి, మళ్లీ తీసి పోస్తూ ఉంటారు. ఆయిల్ మెల్లగా శుభ్రపడుతుంది. ఆయిల్ మార్పుకు ఇది మంచి ఉపాయమే. కానీ కింద ఇరుక్కున్న గాలిని తీయడానికి దీన్ని నమ్ముకోలేం. ఈ రెంటి తేడా మన బండ్లకూ వర్తిస్తుంది.

హ్యుందాయ్ వెన్యూలో 2020లో వచ్చిన ఐఎంటీ లాంటి బండ్లలో గేర్లు చేత్తోనే మార్చినా క్లచ్ పెడల్ ఉండదు. క్లచ్‌ను కంప్యూటర్ నడుపుతుంది. వాటికి ఇంటి పద్ధతి పనికిరాదు, కంపెనీ స్కానర్ కావాలి.

తీసినా బాగవకపోతే

రెండుసార్లు పద్ధతిగా చేసినా పెడల్ మెత్తగానే ఉంటే ఆయిల్ మీద ఆయిల్ పోస్తూ కూర్చోవద్దు. పైపు మధ్యలో ఎత్తుగా వంగిన చోట బుడగ ఆగి ఉండొచ్చు. దానికి కింది నుంచి పైకి పంపే పద్ధతి మంచిది. రబ్బరు పైపు పాతదైతే తొక్కినప్పుడు బెలూన్‌లా ఉబ్బుతుంది. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు పైపు పట్టుకుని చూస్తే చేతికే తెలుస్తుంది. పెడల్ రాడ్డు సెట్టింగ్ తప్పినా, క్లచ్ ఫోర్క్ వంగినా, పెడల్ బ్రాకెట్ పగిలినా లక్షణాలు ఇలాగే ఉంటాయి.

బ్రేక్ పెడల్‌లో మెత్తదనం కొంచెం కనిపించినా బండి కదపవద్దు. ఉమ్మడి డబ్బా ఉన్న బండ్లలో క్లచ్ పైపు సాధారణంగా డబ్బా పై భాగం నుంచి తీస్తారు. క్లచ్ ఆయిల్ కారిపోయినా బ్రేకులకు కొంత మిగలాలని అలా చేస్తారు. అయినా పని మధ్యలో డబ్బా పూర్తిగా ఖాళీ అయితే బ్రేకుల్లోకీ గాలి పోవచ్చు. అప్పుడు నాలుగు చక్రాల బ్రేకులకూ గాలి తీయించాలి. ఏబీఎస్ ఉన్న బండి అయితే స్కానర్ కూడా అవసరం పడొచ్చు.

ఖర్చు లెక్క ఎలా చూసుకోవాలి?

ఈ పనిలో ఖర్చు మూడు మెట్లుగా ఉంటుంది. గాలి మాత్రమే అయితే ఆయిల్ సీసా ధర. సిలిండర్ రబ్బర్లు పోతే వాషర్ కిట్, లేదా కొత్త సిలిండర్, కొంచెం కూలీ. గేర్‌బాక్స్ దింపాల్సి వస్తే సామాను కన్నా కూలీదే పెద్ద వాటా.

అందుకే కొన్ని నిర్ణయాలు ముందే ఆలోచించుకోవాలి. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల ఉన్న బండికి క్లచ్ ప్లేట్ మారుస్తుంటే, పాత సిలిండర్ ‘బానే ఉంది’ అని వదిలేయడం పొదుపు కాదు. ఆరు నెలలకు అది పోతే మళ్లీ అదే కూలీ కట్టాలి. షెడ్డులో ఉస్తాద్ ‘ప్లేట్ మార్చాలి’ అంటే, ముందు గాలి తీసి చూశారా, లీకు ఎక్కడుందో చూపించండి అని మర్యాదగా అడగండి. మంచి పనివాడు ఆ మాటకు కోపం తెచ్చుకోడు, చూపిస్తాడు. వారంటీలో ఉన్న బండి అయితే సొంత ప్రయోగాలు చేయకుండా కంపెనీ సర్వీసుకే తీసుకెళ్లాలి.

ఇంట్లో పిల్లలున్నప్పుడు

బ్రేక్ ఆయిల్ విషం. తీసిన పాత ఆయిల్‌ను కూల్‌డ్రింక్ సీసాలోనో, మంచినీళ్ల సీసాలోనో పోసి ఇంట్లో మూలన పెట్టడం చాలా ప్రమాదం. రంగు చూసి పిల్లలు షర్బత్ అనుకునే వీలుంది. తాగారని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆ సీసా కూడా వెంట పట్టుకెళ్లాలి.

కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టర్‌కు చూపించాలి. చేతికంటితే సబ్బుతో కడగాలి. కారు పెయింట్ మీద పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోయాలి. ఆలస్యమైతే పెయింట్ ఉబ్బి ఊడుతుంది.

పాత ఆయిల్‌ను మోరీలో, బావి పక్కన, చేను గట్టున పారబోయకూడదు. మూత గట్టి డబ్బాలో పోసి, పైన పేరు రాసి, పాత ఆయిల్ సేకరించే గ్యారేజీకి ఇవ్వాలి. ఇంజిన్ ఆయిల్‌తో కలపకుండా విడిగా ఇవ్వడం మంచిది.

రోడ్డు ఎక్కే ముందు

ముందు ఇంజిన్ ఆపి పెడల్ పదిసార్లు తొక్కి చూడండి. ప్రతిసారీ ఒకే ఎత్తులో, ఒకే గట్టిదనంతో ఉండాలి. తర్వాత బ్రేక్ పెడల్ కూడా తొక్కి చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, రెండు మూడు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. శబ్దం లేకుండా పడితే పని బాగా జరిగినట్టు. మొదట వీధిలోనే నిదానంగా నడపండి. మర్నాడు పొద్దున మళ్లీ ఆయిల్ లెవెల్, నిప్పిల్ దగ్గర తడి చూడండి. లెవెల్ తగ్గి ఉంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అది దొరికేదాకా కాళేశ్వరం, మహదేవ్‌పూర్ లాంటి దూరపు కిరాయిలు ఒప్పుకోవద్దు.

దారి మధ్యలో క్లచ్ పోతే కంగారు పడకుండా బండిని రోడ్డు దిగువకు పూర్తిగా పక్కకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి, ఇంట్లోవాళ్లను రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. బొగ్గు లారీలు తిరిగే దారిలో, అందులోనూ రాత్రిపూట, సగం రోడ్డు మీద ఆగిన కారు క్లచ్ కన్నా పెద్ద ప్రమాదం. డబ్బాలో ఆయిల్ లేకపోతే సరైన బ్రేక్ ఆయిల్ పోసి కొన్నిసార్లు తొక్కితే దగ్గరి షెడ్డు దాకా పోయేంత పట్టు రావచ్చు. బండిలో ఒక సీలు సీసా ఎప్పుడూ ఉంచుకోవడం అందుకే మంచిది.

నెలకోసారి బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా వైపు ఒక్క చూపు చూస్తే చాలు. రంగు నల్లబడిందా, గీత కిందికి దిగిందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఆ ఒక్క నిమిషం పెట్టేవాళ్లకు నడిరోడ్డు మీద ఆగే అవసరం చాలా తక్కువ.